సైరన్ కూసినప్పుడు పోలమ్మ

మనశ్శాంతి గురించి ఎవరైనా మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది. పొద్దున్న లేచేసరికి ఫోన్ నిండా తామరపువ్వులు, వాటి కింద సూక్తులు. అవి పంపినవాళ్ళే సాయంత్రం కుళాయి దగ్గర జుట్టూ జుట్టూ పట్టుకుంటారు. ఖరగ్‌పూర్‌లో తెలుగు బడి పంతులమ్మగా నేను చూడని శాంతమూర్తులు లేరు. అందుకని, మా న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో అట్ల కొట్టు నడిపే పోలమ్మ బుద్ధుడి మాటలు పట్టుకుని కోపం తగ్గించుకోబోయినప్పుడు కడుపుబ్బా నవ్వాను. ఎందుకు నవ్వానో తెలియాలంటే ముందు పోలమ్మ నోటి గురించి చెప్పాలి.

పోలమ్మ తాత టెక్కలి వైపు నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాప్‌లో చేరాడు. తండ్రి అక్కడే, మొగుడు ఎర్రయ్య అక్కడే. ఎర్రయ్య ఫిట్టరుగా రిటైరయ్యాక ఇద్దరూ కలిసి వర్క్‌షాప్ గేటుకు వెళ్ళే దారిలో, తమ ఇంటి ముందే రేకుల కప్పు కింద ఈ కొట్టు పెట్టారు. అట్టు, ఇడ్లీ, కొబ్బరి చట్నీ, అంతే. పని మీదకు వెళ్ళేవాళ్ళందరూ సైకిళ్ళు ఆపి అక్కడే తింటారు. తినడంతో పాటు తిట్లు కూడా తింటారు. చట్నీ ఇంకొంచెం వెయ్యమని అడిగినవాణ్ణి, “సట్నీ ఏటి, కుళాయి నీళ్ళేటి, తిప్పితే వచ్చీడానికి?” అని అడుగుతుంది. తొందరగా ఇమ్మన్నవాణ్ణి, “పెనవు మీద నువ్వు కూసో, బేగి కాల్తావు” అంటుంది. ఆమె గొంతు లేస్తే రెండు వీధుల అవతల పిల్లలు చెప్పకుండానే పుస్తకాలు తీస్తారు. నాకు ఆ విధంగా ఆమె చేసిన సాయం తక్కువేం కాదు.

ఆ నోటి పక్కనే నిలబడి అట్లు పోసేది కోడలు ప్రశాంతి. నా దగ్గరే చదువుకుంది. ఆ తర్వాత ఎలక్ట్రికల్ డిప్లొమా చేసింది. పెళ్ళయ్యాక గరిటె పట్టుకుంది. దాని మొగుడు గిరిబాబు గూడ్సు బండి గార్డు. ఇంట్లో కన్నా బండి మీదే ఎక్కువుంటాడు. కాబట్టి రోజంతా అత్తా కోడళ్ళే. ప్రశాంతి పోసిన అట్టు పలచగా, అంచు ఎర్రగా, నోట్లో పెడితే కరకరలాడుతుంది. పోలమ్మ కొట్టుకి ఆ గిరాకీ సగం ఆ పిల్ల చేతి వల్లనే. ఆ మాట పోలమ్మ ఎన్నడూ పైకి అనలేదు.

శివరాత్రి వెళ్ళిన వారంలో ఒకరోజు ప్రశాంతి పొరపాటున చట్నీలో ఉప్పు రెండుసార్లు వేసింది. పోలమ్మ వరసలో ఉన్న అందరి ముందూ దాన్నీ, దాన్ని కన్నవాళ్ళనీ, దానికి చదువు చెప్పిన నన్నూ కలిపి దులిపేసింది. నేను వరసలోనే ఉన్నాను. నాకు పౌరుషం వచ్చింది కానీ ఆకలి కూడా వేస్తోంది. కాసేపటికి కొబ్బరికాయ కోసం కొట్టు వెనక్కి వెళ్ళిన పోలమ్మ, రుబ్బురోలు దగ్గర కోడలు కొంగుతో కళ్ళు తుడుచుకోవడం చూసింది. కొబ్బరికాయ తీసుకోకుండానే వెనక్కి వచ్చేసింది. ఆ రోజు మధ్యాహ్నం తల దిమ్ముగా ఉందని బరువా దీదీ ఇంటికి వెళ్ళింది.

బరువా దీదీ మా పక్క వీధిలో ఉంటుంది. నర్సుగా పనిచేసి రిటైరైంది. వాళ్ళు ఎప్పుడో చిట్టగాంగ్ వైపు నుంచి వచ్చిన బెంగాలీ బౌద్ధులు. ఇంట్లో చిన్న బుద్ధుడి బొమ్మ, దాని ముందు ఒక గ్లాసు మంచినీళ్ళు, రెండు గన్నేరు పువ్వులు. పేటలో అందరికీ బీపీ చూసేది ఆమే. నేను కూడా అందుకే వెళ్ళి అక్కడ కూర్చున్నాను. కాబట్టి ఆ సంభాషణ నా చెవులతో విన్నాను.

దీదీ పోలమ్మ చేతికి పట్టీ చుట్టి, చూసి, విప్పింది. ఆమె తెలుగు మన దగ్గర నేర్చుకున్నదే. “పోలమ్మా, నీ ప్రెషర్ ఈ మిషన్‌లో లేదు. నీ నోట్లో ఉంది” అంది.

“నోరు కుట్టీసుకోమంతావేటి దీదీ?”

“కుడితే లోపల పేలుతుంది. ఒకటి చెప్పు. నూనె చిట్లి చెయ్యి కాలింది. ఒక మంట. దాన్ని తలుచుకుని సాయంత్రం దాకా ఆ నూనెనీ, పెనాన్నీ, కోడల్నీ తిడుతున్నావు. అది రెండో మంట. మొదటిది నూనె పెట్టింది. రెండోది ఎవరు పెట్టారు?”

“నానే” అంది పోలమ్మ. ఆమె ఒక నేరం అంత తేలిగ్గా ఒప్పుకోవడం నేను అంతవరకు చూడలేదు.

“ఇదే మా బుద్ధుడు చెప్పింది. మొదటి మంట అందరికీ ఉంటుంది. రెండోది మానుకోవచ్చు. కోపం వచ్చినప్పుడు పొమ్మనకు, కూర్చోమనకు. వచ్చింది అని తెలుసుకో, చాలు. ఊపిరి చూసుకుంటూ ఉండు. అదే వెళ్తుంది.”

“అట్టు పొయ్యబోయే ముందల పెనవు మీద నీలు సిలకరిస్తాను. సుయ్యిమంతాది, వేడి దిగుద్ది. అలాగేటి?”

దీదీ సంతోషంతో చప్పట్లు కొట్టింది. “బస్, అంతే! అదే. నేను ఇంతసేపు చెప్పింది నువ్వు ఒక్క ముక్కలో చెప్పేశావు. మా విహారంలో గంట కొట్టినప్పుడల్లా అందరం పని ఆపి ఊపిరి చూసుకుంటాం. నీకు గంట కొనక్కర్లేదు. వర్క్‌షాప్ సైరన్ ఉంది.”

మా ఊళ్ళో ఆ సైరన్ పొద్దున్నా, మధ్యాహ్నం, సాయంత్రం కూస్తుంది. పని మొదలైనా అదే, భోజనమైనా అదే. దాన్ని బట్టే గడియారాలు తిప్పుకుంటాం. కానీ పొద్దుటి సైరన్ కూసే వేళకే పోలమ్మ కొట్టు ముందు తొక్కిసలాట.

“ఆయేలకే కదా దీదీ గొడవంతా!”

“అందుకే ఆయేళకే. ఇంకోటి. ప్రతి మనిషికీ అట్టు వేసేటప్పుడు లోపల మంచి కోరుకో. సుఖంగా ఉండు అని.”

“సల్లగుండు అనాలా?”

“అదే.”

“బుజ్జిబాబుకి కూడానా? నాలుగు అట్లకి ఏడుసార్లు సట్నీ అడుగుతాడు ఆడు!”

“వాడికే ముందు” అంది దీదీ. నేను ఇంటికొచ్చేదాకా నవ్వు ఆపుకోలేదు.

పోలమ్మ మాత్రం నవ్వలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు కూడా. చెప్తే ఎర్రయ్య ఎగతాళి చేస్తాడని ఆమె భయం. సైరన్ కూయగానే గ్యాసు సరిచేస్తున్నట్టు పొయ్యి దగ్గరకు వంగిపోయేది. సైరన్ ఆగేదాకా అలాగే వంగి ఊపిరి చూసుకునేది. లేచాక పెదవులు కదిలేవి. వరసలో ఉన్న ఒక్కొక్కణ్ణీ చూసి ‘సల్లగుండు’ అనుకునేది. మొదట్లో బుజ్జిబాబు దగ్గరకు వచ్చేసరికి ఆ మాట గొంతులో అడ్డం పడేదట. ఈ బుజ్జిబాబు, ఏటా మా పేట అమ్మవారికి చేసే మాతా పూజ కమిటీలో పెద్ద తలకాయ. పండగ వస్తోందంటే వాడి కాలు నేల మీద నిలవదు. వాడి ఆకలి కూడా అప్పుడే పెరుగుతుంది.

కొన్నాళ్ళకు పేటలో గుసగుసలు బయల్దేరాయి. పోలమ్మ తిట్టడం లేదు. పోలమ్మకి ఒంట్లో బాగోలేదు. ఎర్రయ్య నిమ్మకాయ కోసి దిష్టి తీశాడు. గిరాకీలు, “ఏటి పోలమ్మా, ఓపాలి తిట్టీయ్, అట్టు రుసించడం లేదు” అని బతిమాలారు. నాకు కూడా ఏదో వెలితిగానే ఉండేది. పిల్లలు పుస్తకాలు తీయడం మానేశారు.

అందరికన్నా ఎక్కువ బెదిరింది ప్రశాంతి. మాతా పూజ వారంలో ఒక మధ్యాహ్నం బడి గేటు దగ్గర నా కోసం కాచుకుని ఉంది.

“మేడమ్ గారూ, నాకు ఉజ్జోగం వచ్చినాదండి. ఇండస్ట్రియల్ పార్క్‌లో. కరెంటు మోటార్లు తయారుసేసే కంపెనీ. సోమారం సేరకపోతే ఇంకోలకి ఇచ్చీస్తారు.”

నాకు ఎంత గర్వం వేసిందో చెప్పలేను. నడిరోడ్డు మీద దాన్ని కావలించుకున్నాను. “మీ అత్తకి చెప్పావా?” అన్నాను.

“లేదండి. ఈయన్నడిగితే, అమ్మనడుగు అనీసి డ్యూటీకెల్లిపోనాడు. అత్త తిడితే పడతానండి, అలవాటే. కానీ ఒద్దు అనీసిందనుకోండి, మరి ఎనక్కి తీసుకోదు. అత్త మాట మీద అత్త నిలబడిపోద్ది. ఇప్పుడు తిట్టడం కూడా మానీసినాది. తెలిసిపోయి మనసులో పెట్టుకున్నాదేమోనని భయమేస్తంది. మీరు సెప్పకూడదేటండి?”

నేను అడ్డంగా తల ఊపాను. నేను చెబితే పంతులమ్మ కోడల్ని ఎగదోసిందనే మాట వస్తుంది, ఆపైన పోలమ్మ ‘ఒద్దు’ రాయి అయిపోతుంది. “నీ నోటితో నువ్వే అడుగు” అన్నాను. ఆ పిల్ల బిక్కమొహంతో వెళ్ళిపోయింది. సోమవారం దగ్గరకొస్తోంది. నాకే అన్నం సయించలేదు. ఈ వయసులో నాకెందుకు ఈ బాధ అని దాని మీద నేనే విసుక్కున్నాను.

ఘటాలు తిరిగే రోజు శుక్రవారం. పసుపునీళ్ళు నింపి వేపమండలు కట్టిన కుండలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు గుడి నుంచి వీధులన్నీ తిరుగుతారు. ముందు డప్పులు. మన తెలుగువాళ్ళతో పాటు బెంగాలీలు, ఒడియావాళ్ళు కూడా గుమ్మాల్లో నీళ్ళ బిందెలతో నిలబడతారు. ఆ పొద్దున్న పోలమ్మ తలంటు పోసుకుని, జుట్టు ఆరడానికి విరబోసుకుని, నుదుట రూపాయంత బొట్టు పెట్టుకుని పెనం దగ్గర నిలబడింది. నేను స్టీలు గిన్నెతో వరసలో ఉన్నాను. డప్పులు మలుపు తిరిగి కొట్టు ముందుకు వచ్చాయి. సరిగ్గా అప్పుడే సైరన్ కూసింది.

రోజూ అయితే పొయ్యి దగ్గరకు వంగేది. ఆ రోజు వంగితే విరబోసిన జుట్టు మంటలో పడుతుంది. అందుకని పోలమ్మ ఉన్నచోటే నిటారుగా నిలబడి, గరిటె గాల్లోకి ఎత్తి పట్టుకుని, కళ్ళు మూసుకుంది. గుండెల నిండా ఊపిరి తీసింది. పెదవులు కదిలాయి. పెనం మీద అట్టు మాడి పొగ లేచింది.

బుజ్జిబాబు చూశాడు. “ఓలమ్మో! పోలమ్మకి అమ్మ పూనినాది!” అని గావుకేక పెట్టాడు.

ఇంకేముంది! డప్పులవాళ్ళు కొట్టు చుట్టూ మూగి రెట్టింపు జోరుతో వాయించారు. బెంగాలీ ఆడవాళ్ళు పూజలో చేసినట్టు నాలుక ఆడిస్తూ ఉలూలు పెట్టారు. ఎవరో బిందెడు పసుపునీళ్ళు పోలమ్మ నెత్తిన కుమ్మరించారు. చన్నీళ్ళు పడగానే ఆమె నోరు తెరిచి హా అంది. అది చూసి ఇంకో బిందె పోశారు.

“ఒరే బుజ్జీ! అట్టు మాడిపోతందిరా!” అని అరిచింది పోలమ్మ.

“అమ్మకి అట్టు నైవేద్యం కావాలంట!” అని బుజ్జిబాబు అందరికీ చాటాడు.

“అది పూనకం కాదు, ఊపిరి చూసుకుంటోంది!” అని నేను గొంతు చించుకున్నాను. డప్పుల్లో ఎవరికి వినిపిస్తుంది? ఎర్రయ్య ఎక్కణ్ణుంచో పరుగున వచ్చి పెళ్ళాం కాళ్ళ మీద సాష్టాంగపడ్డాడు. ఇన్నేళ్ళ కాపురంలో అదే మొదలు. ‘ఆ ఒక్కటీ బాగున్నాది పంతులమ్మా’ అని పోలమ్మ ఇప్పటికీ ముసిముసిగా నవ్వుతుంది.

పాత పోలమ్మ అయితే ఈపాటికి గరిటెతో అందరి వీపులూ సాపు చేసేది. కొత్త పోలమ్మ కోపం వచ్చింది అని తెలుసుకుంది. తెలుసుకుని, దీదీ చెప్పినట్టు మళ్ళీ కళ్ళు మూసుకుని ఊపిరి తీసింది. దాంతో ఉన్న కాస్త అనుమానం కూడా పోయింది జనానికి. బుజ్జిబాబు చెయ్యెత్తి డప్పులు ఆపించాడు. “తల్లీ, ఎవులికేటి కావాలో అడగమను” అన్నాడు.

ఎవరో ట్రాన్స్‌ఫర్ గురించి అడిగారు. పోలమ్మ పలకలేదు. అప్పుడు వెనక నుంచి ప్రశాంతి వచ్చింది. పిండి చేతులతోనే దండం పెట్టి, అత్త ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

“అమ్మా, తల్లీ, నాకు ఉజ్జోగం వచ్చినాది. సోమారం సేరాల. ఎల్తే అత్త పెనవు కాడ ఒక్కర్తీ అయిపోద్ది. ఎల్లకపోతే నా సదువు ఒగ్గీసినట్టే. అత్తనడగడానికి నాకు నోరు రాటం లేదు. నువ్వు సెప్పు తల్లీ. నువ్వు ఎల్లమంతే అత్త కాదనదు. ఒద్దంతే, నాను మరి ఆ మాట ఎత్తను.”

పెనం మీద మాడిన అట్టు చిటపటలాడుతోంది. పోలమ్మ కళ్ళు మూసుకునే ఉంది. పసుపునీళ్ళు గడ్డం మీదుగా కారుతున్నాయి.

ఆ క్షణంలో ఏం జరిగిందో తర్వాత నాకు చెప్పింది. “ఒద్దు అన్న మాట నాలిక సివరికొచ్చీసినాది పంతులమ్మా. అనీసుంతే అయిపోయీది. నా మీద నింద లేదు, అమ్మోరు ఒద్దన్నాది అనుకుందురు. అది నా కాడే ఉండిపోయీది. అప్పుడు ఊపిరి సూసుకున్నాను. కోపవు ఉన్నాది. ఆ కోపవు కిందన సూస్తే కోపవు కాదు, భయ్యం. ఒక్కదాన్నీ అయిపోతానని భయ్యం. ఆ భయ్యం నాది. దాన్ని పిల్ల మెడకెందుకు కట్టాల?”

పోలమ్మ కళ్ళు తెరిచింది. గరిటె పక్కన పెట్టింది.

“నాను అమ్మోర్ని కాదే. నీ అత్తని” అంది.

ప్రశాంతి మొహం పాలిపోయింది. పోలమ్మే వంగి దాని రెండు భుజాలూ పట్టుకుని లేపింది. ఆమె గొంతు అంత మెల్లగా ఉండగా ఆ పేటలో ఎవరూ విని ఉండరు.

“నన్నడగడానికి అమ్మోరు దిగి రావాలేటే అమ్మీ? నానంత భయ్యంగా ఉంతానా నీకు?”

ప్రశాంతి ఏడ్చేసింది. పోలమ్మ కూడా ఏడ్చింది. నేను ఏడవలేదు, పొగ కళ్ళలోకి వచ్చింది, అంతే. దాన్ని గుండెలకు హత్తుకుని పోలమ్మ అంది: “ఎల్లు. ఎల్లి సేరు. సోమారం కేరేజీ నాను కడతాను. మోటార్లంతే ఏటో, ఎలా తిరుగుతాయో సాయంత్రవొచ్చి నాకు సెప్పు.”

బుజ్జిబాబు మాత్రం తేరుకోలేదు. “మరి అమ్మ?” అన్నాడు నీరసంగా.

“అమ్మ మీ యెనకాల ఘటాల్లో ఉన్నాది. ఎండలో నిలబెట్టీసినావు. దారియ్యరా నాయనా, సల్లగుండు” అని పోలమ్మ బిందెడు నీళ్ళు తెచ్చి, ఘటాలు మోస్తున్న ఆడవాళ్ళ పాదాల మీద పోసింది. డప్పులు మళ్ళీ మోగాయి. తడిసి ముద్దైన పోలమ్మ నవ్వుతూ ఆ పాదాలకు పసుపు రాసింది. ఆ మధ్యలో ఎప్పుడొచ్చిందో బరువా దీదీ నా పక్కన నిలబడి ఉంది. ఆమె మొహంలో ఎప్పుడూ ఉండే ఆ ప్రశాంతత చూస్తే నాకు మామూలుగా చిరాకు. ఆ రోజు మాత్రం ఆమె చెయ్యి పట్టుకున్నాను.

సోమవారం ప్రశాంతి ఫ్యాక్టరీకి బయల్దేరింది. కేరేజీ వంకరగా పట్టుకుందని, చెప్పులు బాగోలేవని, ఆటో ఎక్కేదాకా పోలమ్మ దాన్ని సాధిస్తూనే ఉంది. ఆ తిట్లకు ప్రశాంతి పగలబడి నవ్వుతూ ఎక్కింది. కొట్టు దగ్గర ఇప్పుడు చట్నీ రుబ్బేది ఎర్రయ్య. పోలమ్మ పోసే అట్టు దిబ్బరొట్టెలా ఉంటుంది. గిరాకీలు సణుగుతారు కానీ తింటారు. సైరన్ కూసినప్పుడు ఆమె వంగి దాక్కోదు. నిలబడే కళ్ళు మూసుకుంటుంది. వరసలో కొందరు వాళ్ళూ ఊపిరి చూసుకుంటారు, కొందరు ఎందుకైనా మంచిదని దండం పెడతారు. దీదీ రెండూ ఒకటే అంటుంది. నేను ఒప్పుకోను. కానీ సైరన్ కూస్తే బడిలో సుద్దముక్క కింద పెట్టి నేనూ కాసేపు ఆగుతున్నాను. పిల్లలకు చెప్పకండి.

మొదటి ఆదివారం నేను గిన్నె పట్టుకుని వెళ్ళాను. ఆదివారం వర్క్‌షాప్ సెలవు, సైరన్ ఉండదు. వరస మాత్రం వీధి చివరిదాకా ఉంది, ఇవాళైనా ప్రశాంతి అట్టు దొరుకుతుందని. పోలమ్మకి చెమటలు కారుతున్నాయి. ఇంతలో తలుపు తీసుకుని ప్రశాంతి వచ్చింది. జుట్టు రేగిపోయి, కళ్ళు నిద్రతో మూతలు పడుతున్నాయి.

“అత్తా, ఒకటడగాల.”

గరిటె ఆగింది. “అడుగు.”

“ఇయాల నాను అట్లు పొయ్యను. పడుకుంటాను.”

వరసలో ఒక్కడు కూడా కదలలేదు. పోలమ్మ బుగ్గలు ఎర్రబడటం చూశాను. నోరు తెరిచింది. మళ్ళీ మూసింది. ఏ సైరన్ లేకుండా, కళ్ళు తెరుచుకునే, గుండెల నిండా ఊపిరి తీసి వదిలింది. చేత్తో నాలుగు నీటిచుక్కలు పెనం మీద చిలకరించింది.

“పడుకో. తలుపేసుకో, ఈల్ల గోల ఇనిపించకుండా” అంది.

ప్రశాంతి అక్కడే, అందరి ముందూ అత్త బుగ్గ మీద ముద్దు పెట్టి లోపలికి పరుగెత్తింది. పోలమ్మ కొంగుతో బుగ్గ తుడుచుకోబోయి, తుడుచుకోకుండా ఊరుకుంది.

“పోలమ్మా, కాస్త సట్నీ” అన్నాడు బుజ్జిబాబు.

“సల్లగుండు నాయనా” అంది పోలమ్మ, “లేదు.”